మెట్ల పుస్తకంలో ఆఖరి పేజీ

ఫిబ్రవరి నెలాఖరు. తెల్లవారుజామున ఇంకా దుప్పటి కావాలి, ఎనిమిది దాటితే ఎండ మాడు మీద కూర్చుంటోంది. యాసంగి నాట్లు వేసి నెల దాటింది, మా పొలంలో కలుపు పైకి లేచింది. నలుగురు కూలీలు వస్తామని ఇద్దరే వచ్చారు. చీకటి విడవకముందే వాళ్లతో పాటు దిగి ఒక మడి పూర్తి చేశాను. మోటరు సంగతి మా ఆయనకు అప్పగించి, బోరు దగ్గర కాళ్లు కడుక్కుని, ఇంటికొచ్చి చీర మార్చుకుని జనగామ స్టేషన్‌కు బయలుదేరాను. గోళ్లలో మట్టి పూర్తిగా పోలేదు. పోయేది పుస్తకాల సభకని చెబితే మా ఆయన నా చేతులు చూసి, "గీ గోళ్లతోనా?" అన్నాడు. "చదివేది కండ్లతోని" అన్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా చిన్నమ్మ కూతురు నీలమ్మ. ఆమెది భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గరి పల్లె. అక్కడ మిర్చి కోతల తరువాత ఆడవాళ్లు కల్లంలో కూర్చుని ఎండిన మిర్చి ఏరుతారు. మంచి ఎర్రకాయ ఒక పక్కకు, రంగు పోయిన తాలుకాయ ఒక పక్కకు. ఏరిన తూకాన్ని బట్టి కూలి. నీలమ్మ మాత్రం ఏరదు, నవల చదువుతుంది. ఘాటుకు గొంతు పట్టేస్తుందని ఆమెకు గాలి వచ్చే వైపు చోటు ఇస్తారు. ఒక అధ్యాయం అయిపోగానే తలా ఒకరు తాము ఏరిన దాంట్లోంచి దోసెడు తీసి ఆమె గంపలో పోస్తారు. సాయంత్రం తూకం వేస్తే ఆమె గంప కూడా అందరితో సమానంగా తూగుతుంది. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, నాకు తెలిసి పదేళ్లుగా నడుస్తోంది. హనుమకొండలో రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్మే చోట నీలమ్మ నవలలు కొంటుంది. సగం వాటికి పేరున్న పేజీ ఉండదు. అందుకే కల్లంలో పుస్తకాలను అట్ట మీది బొమ్మతోనే పిలుస్తారు. ఎర్రకారు పుస్తకం, దయ్యం చెయ్యి పుస్తకం, మెట్ల పుస్తకం. రాసినవాళ్లకూ అవే పేర్లు. ఎర్రకారాయన, మెట్లామె.

మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఒక సాహిత్య సంస్థ సభ పెట్టింది. సామాన్య పాఠకులు ఎవరైనా వచ్చి తమ అభిమాన రచయిత గురించి ఐదు నిమిషాలు మాట్లాడవచ్చని గోడల మీద ప్రకటన. నీలమ్మ ఫోన్ చేసి, "అక్కా, మేం ముగ్గురం పోతానం, నువ్వు గూడ రా" అంది. ముగ్గురంటే నీలమ్మ, కల్లంలో అందరికన్నా పెద్దదైన ఎల్లవ్వ, స్వరూప. అసలు మాట్లాడాల్సింది స్వరూప. ఆ పిల్ల మొగుడు కొట్టిన దెబ్బలతో మూడేళ్ల కింద తల్లిగారింటికి వచ్చింది. వచ్చిన నాలుగు రోజులకే కల్లంలో కూర్చుంది. అప్పుడు నడుస్తున్నది మెట్ల పుస్తకం. అందులో ఒకామె మొగుణ్ని విడిచి వచ్చి, మేడ మీద అద్దె గదిలో ఉంటుంది. చివరికి మొగుడు వచ్చి మెట్ల కింద నిలబడి పిలుస్తాడు. ఆమె పైనుంచే, "ఎక్కినప్పుడు నొచ్చింది నా మోకాళ్లు. దిగాల్నా వద్దా నేను చూసుకుంట, నువ్వు పో" అని తలుపు వేసుకుంటుంది. స్వరూప ఆ సాయంత్రం ఇంటికి పోయి, తిరిగి పంపాలని చూస్తున్న తల్లితో, "నేను పోను, పుస్తకంల గూడ గట్లనే ఉన్నది" అందట. ఈ ఏడాది తల్లీ కూతుళ్లు ఎకరం కౌలుకు తీసుకుని మిర్చి వేశారు. పంట కల్లానికి చేరిన వారంలోనే మొగుడి తరఫు పెద్దమనుషులు కబురు పెట్టారు, వచ్చి తీసుకుపోతామని. వాళ్లు వచ్చేది సభ మర్నాడు. అంతకుముందే నలుగురిలో నిలబడి మెట్లామెకు దండం పెట్టి రావాలని, అలా చెబితే తనకు ధైర్యంగా ఉంటుందని స్వరూప అనుకుంది.

నేను మెట్ల పుస్తకం చదవలేదు. నాకు డిటెక్టివ్ నవలలంటే ఇష్టం. చంపిందెవరో ముందే కనిపెట్టాలని చదువుతాను, కనిపెట్టలేకపోతే ఆ రచయిత మీద గౌరవం పెరుగుతుంది.

జనగామ నుంచి మానుకోటకు నేరుగా రైళ్లు ఉన్నాయి. ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఒకటి దొరికింది. జనరల్ టికెట్ వంద లోపే, ప్రయాణం రెండు గంటల పైన. కాజీపేట దాకా నిలబడ్డాను, అక్కడ బోగీ సగం ఖాళీ అయి కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఒక కుర్రాడు పోటీ పరీక్షల పుస్తకంలో గీతలు గీస్తున్నాడు. అతని పక్కన ఒక నర్సమ్మ ఫోన్‌లో సీరియల్ కథ చదువుతూ, స్టేషన్ వచ్చినప్పుడల్లా తలెత్తి, మళ్లీ దించుతోంది. "ఏం కథమ్మా?" అని అడిగాను. "అత్తను కోడలు ఎట్ల బరాబర్ చేస్తదో" అంది. "చేస్తదా?" "రెండు వందల భాగాలైనయి. ఇంకా చేస్తలేదు" అని నవ్వింది. మనవాళ్లు చదవడం లేదని పత్రికల్లో రాసేవాళ్లు జనరల్ బోగీ ఎక్కరనుకుంటాను.

మానుకోట స్టేషన్ నుంచి సభ జరిగే హాలుకు ఆటోలో పది నిమిషాలు. ముగ్గురూ నాకన్నా ముందే చేరి వెనక వరసలో కూర్చున్నారు. స్వరూప మెట్ల పుస్తకాన్ని కొత్త చేతిరుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. పదకొండు గంటలకన్నది పన్నెండున్నరకు మొదలైంది. వేదిక మీద అధ్యక్షుడు ఒక రిటైరైన లెక్చరర్. ఆయన పేరు రాయను, రాయాల్సినంత పెద్దమనిషి కాదు. మొదట లేచిన తపాలా బంట్రోతు తనకు భక్తి పుస్తకాలు ఇష్టమన్నాడు. "వయసుకు తగ్గ చదువు" అన్నాడు అధ్యక్షుడు మైకులో. హాస్టల్ పిల్ల ఒకతి దయ్యాల కథలంటే ప్రాణమంది. "పరీక్షల్లో దయ్యాలు రావు తల్లీ" అన్నాడు. బట్టల కొట్టులో పనిచేసే యువకుడు, విజయం ఎలా సాధించాలో చెప్పే పుస్తకాలు చదువుతానన్నాడు. "సాధించాక కబురు చేయి" అన్నాడు. నేను లేచి డిటెక్టివ్ నవలల గురించి రెండు మాటలు చెప్పేసరికే, "అది కాలక్షేపం, సాహిత్యం గురించి చెప్పండి" అన్నాడు. కాలక్షేపం తప్పెప్పుడైందని అడిగాను. మైకు పక్కవాళ్లకు ఇచ్చేశారు.

నాకు అక్కడే మండింది. సామాన్య పాఠకులను రమ్మని పిలిచి, వచ్చినవాళ్లు సామాన్యంగా ఉన్నారని నవ్వడం ఏం మర్యాద? ఎవరికి ఏ పుస్తకం ఇష్టమో వినడానికి పెట్టిన సభలో, ఏది ఇష్టపడాలో ముందే తెలిసిన మనిషిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టడం ఎందుకు? ఆయన ఇంట్లోనే అద్దం ముందు సభ జరుపుకుంటే హాలు కిరాయి మిగిలేది.

తరువాత స్వరూప లేచింది. చేతిరుమాలు విప్పి పుస్తకం పట్టుకుని మైకు దగ్గరికి పోయింది. నిలబడి చెప్పింది. తనకు చదువు అంతగా రాదని, మిర్చి ఏరుతూ విన్నానని, ఈ పుస్తకం రాసినామె తనను నిలబెట్టిందని. మొగుడు మెట్ల కింద నిలబడడం, ఆమె పైనుంచి చెప్పిన మాట, తలుపు వేసుకోవడం అన్నీ చెప్పింది. "గా మాటను పట్టుకొనే మూడేండ్లు ఉన్న. మెట్లామె ఏడున్నదో నాకెరుక లేదు. గీడికెల్లే దండం పెడుతాన" అంది. హాలులో కొందరు చప్పట్లు కొట్టారు.

అధ్యక్షుడు చేయి ఎత్తి ఆపాడు. "అమ్మా, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నాడు. అందుకుని అట్ట చూసి, "ఈ నవల నేను కాలేజీ రోజుల్లోనే చదివాను. మీరు చెప్పింది ఇందులో లేదే" అంటూ ఆఖరి పేజీ తీశాడు. మైకు ముందు గొంతు సవరించుకుని చదివాడు. అందులో మొగుడు పిలుస్తాడు. ఆమె పరుగున మెట్లు దిగి వస్తుంది. ఆయన పాదాల మీద పడి ఏడుస్తుంది. తన అహంకారాన్ని క్షమించమంటుంది. ఇద్దరూ రిక్షా ఎక్కుతారు. అంతే.

"చూశారా" అన్నాడు ఆయన జనం వైపు తిరిగి. "మన అభిమానుల తీరు ఇదీ. చదవకుండానే అభిమానం." హాలు నవ్వింది. ముందు వరసలో ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. స్వరూప ఆయన వైపు చూడలేదు, వెనక్కి తిరిగి నీలమ్మను చూసింది. నీలమ్మ తల దించుకుని ఉంది. ఆయన పుస్తకాన్ని టేబుల్ మీద పడేశాడు. ఎల్లవ్వ కుర్చీలు జరుపుకుంటూ వేదిక దాకా పోయి దాన్ని తీసుకుంది. "బుక్కు మాది సారూ. నవ్వుడు అయిపోతే పోతం" అంది.

ఆయన చదివింది తప్పని నేను అనను. పుస్తకంలో ఉన్నది అదే. కానీ ఒక ఆడమనిషి తన బతుకు సంగతి చెప్పి నిలబడితే, దానికి పేజీ నంబరు చూసి జవాబు చెప్పడమేనా చదువు నేర్పింది? కిందికి పిలిచి మెల్లగా చెబితే ఆయన సొమ్మేం పోయేది? ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెంపలు వేడెక్కుతున్నాయి.

హాలు వెనక భోజనాలు. వడ్డించే మనిషి మా ఆకుల్లో అన్నం పెడుతూ, "లోపట ఏంది గంత నవ్వు?" అన్నాడు. "బుక్కుల లేంది చెప్పినమట" అంది ఎల్లవ్వ. "ఉన్నదో లేదో నాకెందుకవ్వా. పప్పు ఎయ్యాల్నా, సాంబారు ఎయ్యాల్నా?" "రెండు ఎయ్యి. గంతగానం నవ్విచ్చుకున్నం, ఆకలైతాంది." స్వరూప తినలేదు.

మానుకోట నుంచి ఘనపూర్‌కు నేరుగా బస్సు దొరకడం కష్టం. నర్సంపేటలో ఒకసారి, ములుగులో ఒకసారి మారాలి. ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. నర్సంపేటకు గంటన్నర. అక్కడి నుంచి మల్లంపల్లి మీదుగా ములుగుకు గంట పైన. ములుగు నుంచి జంగాలపల్లి దాటి ఘనపూర్‌కు షేర్ ఆటోలో పోయాం. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరితే చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. దారి పొడవునా మిర్చి కల్లాలే. దూరం నుంచి ఎర్ర గుడ్డలు ఆరేసినట్టు ఉంటాయి, దగ్గరికి పోతే తుమ్ములు వస్తాయి.

మొదటి బస్సు ఊరు దాటాక ముందు ఎల్లవ్వే నోరు విప్పింది. "ఏమే నీలా, గా సారు చదివింది మన బుక్కేనా?"

"మనదే అవ్వా."

"మరి మెట్లామె కిందికెందుకు దిగింది?"

నీలమ్మ కిటికీలోంచి చూస్తోంది.

"నిన్నే అడిగేది. మన కల్లంల చదివినప్పుడు దిగలే. మానుకోటకచ్చి ఎందుకు దిగిందే?"

"బుక్కుల దిగుతది అవ్వా. నేనే దిగనియ్యలే" అంది నీలమ్మ.

స్వరూప ముందు సీటు కడ్డీని పట్టుకుని అడిగింది. "ఎందుకక్కా?"

"నువ్వచ్చి అప్పటికి నాలుగొద్దులు. కొంగు కండ్ల మీదికి గుంజుకొని కూసున్నవ్. మిర్చి ఘాటు అన్నవ్. గది ఘాటు కాదని అందరికెరుకే. నేను రేపటి పేజీలు ముందుగాల్నే చూసుకుంట, తెల్సు గదా. ఆఖరి పేజీ చూసిన. కాళ్ల మీద పడ్డదని నీ ముందట ఎట్ల చదువుదు? నోటికి ఏదొస్తే గది చదివిన."

"చదివిననకు. అల్లిన అను" అంది స్వరూప.

"అల్లిన."

స్వరూప గొంతు పెంచకుండానే అంది. "నీలక్క చెప్పిందంటే నన్ను గన్న అవ్వ ఇంటుండెనా? బుక్కుల ఉన్నదని చెప్పిన. అచ్చు గుద్దినదాంట్ల అవద్ధముండదని చెప్పిన. మూడేండ్ల సంది గదే చెప్తాన. రేపు వాళ్లకు ఏం చెప్పాలె?"

"కొట్టిండని చెప్పు" అన్నాను నేను.

"గది మొదలే చెప్పిన అక్కా. ఎవలిన్నరు? కొట్టుడు ఏ ఇంట్ల లేదన్నరు. బుక్కు ముచ్చట చెప్పినంకనే జర ఊకున్నరు."

వాచిన కన్ను కనబడని పెద్దమనుషులకు, చూడను కూడా చూడని పుస్తకంలోని మాట కనబడిందట. అలాంటి పెద్దరికానికి ఎవరైనా ఎందుకు నీళ్లిచ్చి కూర్చోబెట్టాలో నాకు అర్థం కాదు. కానీ బస్సులో నేను ఏం అన్నా స్వరూపకు రేపటికి పనికొచ్చేది ఏమీ లేదు. నీలమ్మ మీద కూడా కోపం వచ్చింది. మంచికే చేసింది. అయినా ఆ పిల్ల దేని మీద నిలబడిందో ఆ పిల్లకు చెప్పాల్సింది.

నర్సంపేటలో బస్సు మారేటప్పుడు ఎల్లవ్వకు ఇంకో అనుమానం వచ్చింది. "ఎర్రకారు బుక్కుల చంపింది వంటాయనే గదా? గది గూడ నువ్వే అంటగట్టినవా?"

"లేదవ్వా, గది బుక్కులదే."

"ఏమోనమ్మ. నిన్ను నమ్మేటట్టు లేదు. పాపం వంటాయన."

ములుగు ఆటో డ్రైవర్ మా మాటలు వింటూ, "మీరు బుక్కులు చదివేటోళ్లా?" అన్నాడు. తను ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్‌లో దయ్యాల కథలు వింటానని చెప్పాడు. "చదివే టైము ఏడిదక్కా? చెవులు ఖాళీగుంటయి, ఇంట. ఆఖరికి దయ్యం ఎవలో తెల్సే టైముకే ఎవలో ఒకలు చెయ్యెత్తుతరు." ఆ రోజంతటిలో స్వరూప మొహంలో కొంచెం నవ్వు కనబడింది అప్పుడే. రాత్రి నీలమ్మ ఇంట్లో పడుకున్నాను.

పొద్దున ఏడు గంటలకు స్వరూప కల్లానికి పోయాం. పది మంది ఆడవాళ్లు అప్పటికే టార్పాలిన్ నీడలో కూర్చున్నారు. సభ వీడియో వాళ్ల ఫోన్లలోకి రాత్రే వచ్చేసింది. ఎవరూ దాని మాట ఎత్తలేదు, అందరూ నీలమ్మ వైపే చూస్తున్నారు. ఆమె తన చోటు దగ్గరికి పోకుండా, గంప తీసుకుని ఏరేవాళ్లలో కూర్చోబోయింది.

"నీ జాగల నువ్వు కూసో" అంది స్వరూప. చేతిరుమాలులోంచి పుస్తకం తీసి ఇచ్చింది. "ఆఖరి అధ్యాయం చదువు. ఉన్నది ఉన్నట్టు."

నీలమ్మ చదివింది. నేను ఏరుతూ విన్నాను. మెట్లామె దిగింది. పాదాల మీద పడింది. క్షమించమంది. రిక్షా ఎక్కింది. పుస్తకం మూసిన చప్పుడు కూడా వినబడింది.

"గింతేనా?" అంది ఎల్లవ్వ. "గింతదానికి అన్ని మెట్లెందుకు ఎక్కింది? కిందనే ఉంటే పాయె గదా."

"మనం మూడొద్దులు ఏడిసింది ఎవలికోసమే మరి?" అంది ఇంకొకామె.

"మనం ఏడిసినామె వేరే. గీమె నాకెరుకనే లేదు" అంది ఎల్లవ్వ. అలవాటు ప్రకారం దోసెడు మిర్చి పోయాల్సిన వేళ ఎవరూ లేవలేదు. "గీ అధ్యాయానికి నేను పొయ్య" అంది ఎల్లవ్వ తెగేసి. స్వరూప తన కుప్పలోంచి రెండు చేతులా తీసి నీలమ్మ గంపలో పోసింది. "అడిగింది చదివింది. పొయ్యుండ్రి" అంది. ఒక్కొక్కరు లేచి పోశారు. ఎల్లవ్వ చివర పోసింది, దోసిలి నిండా కాదు.

పెద్దమనుషులు తొమ్మిదిన్నరకు ఆటోలో వచ్చారు, ముగ్గురు. మొగుడు రాలేదు. స్వరూప తల్లి నీళ్లు ఇచ్చింది. ఇద్దరు గట్టు మీద కూర్చున్నారు. మూడో ఆయన, అందరికన్నా లావుగా ఉన్నాయన, నీడ కోసం టార్పాలిన్ కిందికే వచ్చి ఏరిన ఎర్రకాయ పక్కన చతికిలబడ్డాడు. కాయ కొంత ఆయన కిందే ఉంది. కాసేపు పంట గురించి, రేటు గురించి మాట్లాడాడు. మొదట్లో వచ్చి అడిగి పోయాక మళ్లీ ఎన్నడూ గుర్తురాని కోడలు మిర్చి ఎండిన వారంలోనే గుర్తొచ్చిన సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తరువాత ఫోన్ తీసి ఊపాడు.

"చూసినం బిడ్డా. గింతకాలం బుక్కు బుక్కు అంటివి. గంత చదువుకున్న సారే చెప్పిండు. బుక్కుల గూడ ఆమె మొగని కాడికే పోయిందట గదా."

గట్టు మీది ఆయన అందుకున్నాడు. "పుస్తకం రాసినామె గూడ ఆడామెనే. ఆమెకు తెల్వదా?"

నీలమ్మ ఏదో అనబోయింది. స్వరూప చేయి అడ్డం పెట్టింది. ఏరడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"అవు. బుక్కుల ఆమె పోయింది. పొద్దుగాల మల్ల ఇన్న. గంతకుముందు నాకు చెప్పింది నీలక్క అల్లింది. గది గూడ నిజమే."

"మరింకేంది? బట్టలు సదురుకో."

"ఆమె పోయింది. నేను రాను."

"దేన్ని చూసుకొని రానంటానవ్? బుక్కు గూడ లేకపాయె."

"బుక్కును చూసుకొని కాదు. ఆయన కొట్టిండు, నేనచ్చిన. గిదే ముచ్చట మూడేండ్ల కింద చెప్పిన, మీరు ఇనలే. గిప్పుడు ఇంటానంటే మల్ల చెప్త, లేకుంటే లేదు. గా మెట్లామెకు కింద మొగడొక్కడే ఉండె. నాకు ఎకరం మిర్చున్నది, తాలు ఏరాలె." అప్పుడు తలెత్తింది. "పెదబాపూ, మీరు ఎర్రకాయ మీద కూసున్నరు. జర లెవ్వుండ్రి, నలుగుతాంది."

ఆయన లేచాడు. వెనక అంటిన గింజలు దులుపుకున్నాడు. కానీ వెళ్లలేదు. ముగ్గురూ ఆటో దగ్గర నిలబడి ఎవరికో ఫోన్ చేశారు. మళ్లీ వచ్చి తల్లిని పక్కకు పిలిచి మాట్లాడారు. తల్లి విని వచ్చి కూతురి పక్కన కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టింది. ఎల్లవ్వ నీలమ్మతో, "నోరెండుతాందా? దయ్యం చెయ్యి బుక్కు తియ్యి. ఉన్నదే చదువుతవో, అల్లుతవో ముందుగాల చెప్పి చదువు" అంది. నీలమ్మ చదవడం మొదలుపెట్టింది. పెద్దమనుషులు ఎండలో నిలబడి విన్నారు.

తిరుగు ప్రయాణంలో నాకు సభ మీద కోపం తగ్గలేదు. ఒక మాట మాత్రం ఆలోచించాను. నాకు డిటెక్టివ్ నవలలు రాసినవాళ్లు ఇష్టమని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాళ్ల పేర్లు తప్ప నాకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ కల్లంలో పదిమందికి ఇష్టమైన రచయిత ఎవరని అడిగితే మెట్లామె అంటారు. వాళ్లు ఇష్టపడ్డది మాత్రం గాలి వచ్చే వైపు కూర్చున్న ఒక మిర్చి కూలిని. ఆమె అబద్ధం చదివింది, దానికి స్వరూప ఆమెను ఇంకా పూర్తిగా క్షమించలేదు, క్షమించాల్సిన పని కూడా లేదు. అయినా పుస్తకాల గురించి తీర్పులు చెప్పేవాళ్లు ఒక్కరోజైనా ఇలాంటి చోట కూర్చుని వినాలి. అది వాళ్ల మర్యాదకు తక్కువైతే, సామాన్య పాఠకులు అని గోడల మీద రాయడం మానేయాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఘనపూర్, చిట్యాల వైపు కల్లాలకు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మూతికి తడిగుడ్డ కట్టుకోండి, గాలి వచ్చే వైపే కూర్చోండి, సబ్బుతో కడిగినా సరే సాయంత్రం దాకా ఆ చేతులతో కళ్లు తుడుచుకోవద్దు.

నేను మధ్యాహ్నం పన్నెండు గంటల హనుమకొండ బస్సు ఎక్కాను. పెద్దమనుషుల ఆటో అంతకు గంట ముందే వెళ్లిపోయింది. వచ్చింది ముగ్గురు, వెళ్లింది ముగ్గురు.